ఎంఫిసీమాకు బ్రాంకోస్కోపీ వాల్వులు: ఒప్పుకునే ముందు ఏమేం తేలాలి, పెట్టాక ఏం చూసుకోవాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 66 ఏళ్లు, ఉండేది నాయుడుపేటలో. ముప్పై ఏళ్లు బీడీలు కాల్చి రెండేళ్ల కిందట మానేశారు. ఇప్పుడు ఎంఫిసీమా. పదిహేనేళ్ల కిందట తాంబరం శానిటోరియంలో టీబీకి మందులు వాడారు. ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బలంగా ఊదగలిగే గాలి) ఉండాల్సినదానిలో 29 శాతం, ఆరు నిమిషాల నడక 190 మీటర్లు. చెన్నైలో చూసిన డాక్టరుగారు బ్రాంకోస్కోపీతో, అంటే శ్వాసనాళంలోకి సన్నని కెమెరా గొట్టం పంపి, ఎడమ ఊపిరితిత్తి పై భాగానికి వాల్వులు పెడదామని, కోత, కుట్లు ఉండవని చెప్పారు. మీరుండేది తిరువొత్తియూరులో. వాల్వులు పెట్టించవచ్చా, మర్నాడే రైలెక్కించి ఊరికి పంపొచ్చా అని అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు చెబుతాను: మర్నాడు పంపకూడదు. కనీసం మూడు రాత్రులు ఆస్పత్రిలో, ఆ తర్వాత రెండు వారాలు మీ దగ్గరే ఉంచుకోండి. కారణం కింద వివరంగా రాశాను, దయచేసి ఆ భాగం రెండుసార్లు చదవండి. మొదటి ప్రశ్నకు మాత్రం మీరిచ్చిన అంకెలతో జవాబు తేలదు. ఇంకా మూడు సంగతులు తెలియాలి: ఊపిరితిత్తుల్లో ఎంత గాలి ఇరుక్కుని ఉంది, పై లోబ్‌కీ కింది లోబ్‌కీ (ఊపిరితిత్తిలోని పెద్ద భాగాలను లోబ్‌లంటారు) మధ్య గోడ పూర్తిగా ఉందా, పాత టీబీ లోపల ఏం మిగిల్చింది.

ముందు వాల్వు చేసే పని. ఎంఫిసీమాలో గాలిగదుల మధ్య ఉండే పలుచని గోడలు పాడైపోయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. దిగాల్సినవాళ్లు దిగకుండానే మళ్లీ జనాన్ని ఎక్కించుకున్న బస్సులా ఉంటుంది లోపల. పాడైన భాగం ఉబ్బి, పక్కనున్న బాగున్న భాగాన్ని నొక్కేస్తుంది. కింద గొడుగులా ఉండాల్సిన డయాఫ్రం, అంటే ఊపిరి పీల్చే కండరం, పళ్లెంలా చదునవుతుంది. అందుకే మీ నాన్నగారు నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడతారు. పాడైన లోబ్‌ను ముడుచుకునేలా చేస్తే మిగతా భాగానికి చోటు దొరుకుతుంది. ఇదే పనిని ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్ మీద అమెరికాలో 1,218 మందితో నెట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2003లో వచ్చాయి. పై భాగంలోనే జబ్బు ఎక్కువగా ఉండి, బాగా నీరసించినవాళ్లకు మేలు జరిగింది. కానీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 90 రోజుల్లోపు 7.9 శాతం మంది చనిపోయారు. మందుల మీదే ఉన్నవాళ్లలో అది 1.3 శాతం. ఆ ప్రమాదం తగ్గించుకునే దారి వెతుకుతూనే బ్రాంకోస్కోపీ వాల్వులు వచ్చాయి. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018లో జెఫిర్ అనే వాల్వుకు, అదే ఏడాది చివర్లో స్పైరేషన్ అనే వాల్వుకు అనుమతి ఇచ్చింది.

జెఫిర్ వాల్వు నిటినాల్ (నికెల్, టైటానియం కలిసిన లోహం) తీగల గూడు మీద సిలికాన్ తొడుగు. మధ్యలో బాతుముక్కులాంటి రెండు పెదవులు. గాలి వదిలినప్పుడు ఆ పెదవులు తెరుచుకుని లోపలి గాలిని, కళ్లెను బయటికి వదులుతాయి, పీల్చినప్పుడు మూసుకుంటాయి. సరిగ్గా కూర్చున్న వాల్వును స్కోపులోంచి చూస్తే ఒక్కో ఊపిరికీ పెదవుల మధ్య చిన్న నురగ బుడగ పైకి వచ్చి పోతుంటుంది. లోబ్‌కు వెళ్లే గొట్టాలన్నిటికీ ఇలా ఒకవైపు తలుపులు పెడితే లోపలి గాలి తగ్గిపోయి లోబ్ కుంచించుకుపోతుంది.

అంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: ఆ లోబ్‌లోకి వేరే దారిన గాలి రాకూడదు. లోబ్‌ల మధ్య గోడను ఫిషర్ అంటారు. చాలామందికి పుట్టుకతోనే అది అక్కడక్కడా తెగి, రెండు లోబ్‌లు కలిసిపోయి ఉంటాయి. అలాంటి చోట ముందు తలుపు ఎంత గట్టిగా మూసినా పక్కింటి దొడ్డిదారిన గాలి వస్తూనే ఉంటుంది. దీన్నే కొలేటరల్ వెంటిలేషన్ అంటారు. వాల్వులు బాగానే కూర్చున్నా ఆయాసం తగ్గలేదంటే చాలాసార్లు కారణం ఇదే. మీ నాన్నగారికి అనుకుంటున్నది ఎడమ పై లోబ్ కాబట్టి చూడాల్సింది ఒకే ఫిషర్. కుడివైపు మూడు లోబ్‌లు, రెండు ఫిషర్లు ఉంటాయి. వాటిలో అడ్డంగా ఉండే చిన్న ఫిషర్ తరచుగా అసంపూర్ణంగా ఉంటుంది కాబట్టి అక్కడ పని ఇంకా కష్టం.

ఇక పరీక్షలు. మీరు పంపిన ఎఫ్‌ఈవీ1 స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదే పరీక్ష) అంకె. లోపల ఇరుక్కున్న గాలిని స్పైరోమెట్రీ కొలవలేదు. ఆర్‌వీ, అంటే పూర్తిగా ఊపిరి వదిలాక కూడా లోపల మిగిలే గాలి, ఆ అంకె కావాలి, దానికి బాడీ ప్లెథిస్మోగ్రఫీ చేయాలి. అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి చేసే పరీక్ష ఇది, ల్యాబుల్లో బాడీ బాక్స్ అంటారు. హీలియంతో కొలిచే పద్ధతి కూడా ఉంది గానీ, ఇరుక్కున్న గాలిలోకి హీలియం సరిగా చేరదు కాబట్టి ఎంఫిసీమాలో తక్కువ చూపిస్తుంది. ఏ పద్ధతిలో చేశారో రిపోర్టులో చూడండి. ఆర్‌వీ, మామూలుగా ఉండాల్సినదానితో పోలిస్తే, కనీసం 175 శాతం ఉండాలి. జబ్బు అన్ని లోబ్‌లలో సమానంగా పరుచుకుని ఉంటే 200 దాటాలి. టీఎల్‌సీ (ఊపిరితిత్తుల్లో పట్టే మొత్తం గాలి) 100 పైన, డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) కనీసం 20 శాతం ఉండాలి. ఎఫ్‌ఈవీ1 15కీ 45కీ మధ్య ఉండాలి కాబట్టి 29 సరిపోతుంది, 190 మీటర్ల నడకా సరిపోతుంది.

చెన్నైలో తెలుగు పేషెంట్ల విషయంలో ఒక మాట. ఈ శ్వాస పరీక్షలన్నీ టెక్నీషియన్ చెప్పినట్టు చేయడం మీదే ఆధారపడతాయి. "ఇళుంగ, ఊదుంగ" అని తమిళంలో గట్టిగా చెబుతుంటే, ఆ మాట అర్థమయ్యేలోపే మీ నాన్నగారి ఊపిరి సగం అయిపోతుంది, అంకె తప్పుగా వస్తుంది. పక్కన నిలబడి మీరే "లాగు, పట్టు, వదులు" అని తెలుగులో చెప్పేందుకు ముందే అనుమతి అడగండి. మూడు ప్రయత్నాల అంకెలు దగ్గర దగ్గరగా లేకపోతే ఇంకోరోజు మళ్లీ చేయమనండి. అంకె తప్పయితే దాని మీద తీసుకునే నిర్ణయమూ తప్పవుతుంది.

సీటీ సంగతి. మామూలు రిపోర్టులో "ఎంఫిసీమా ఉంది" అని రాస్తే చాలదు. ముక్క మందం 1.5 మిల్లీమీటర్లు మించకూడదు, ఊపిరి పూర్తిగా లోపలికి లాగి పట్టినప్పుడు తీయాలి, కాంట్రాస్ట్ మందు అక్కర్లేదు. ఫిల్ములతో పని జరగదు, మొత్తం డేటా ఉన్న సీడీ కావాలి. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషిస్తే ఏ లోబ్ ఎంత శాతం పాడైంది, ఫిషర్ ఎంత శాతం పూర్తిగా ఉంది అని పట్టికలా వస్తుంది. మూయబోయే లోబ్ సగానికి పైగా పాడై ఉండి, అదే వైపు పక్క లోబ్‌తో కనీసం 15 శాతం తేడా ఉంటే మంచి అభ్యర్థి. ఫిషర్ 95 శాతం దాటితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. 80 నుంచి 95 మధ్య ఉంటే చార్టిస్ పరీక్ష చేసి తేల్చాలి. 80 కన్నా తక్కువైతే ఆ లోబ్‌లో వాల్వుల ఆలోచన మానేయడమే మేలు.

చార్టిస్ పరీక్షను బ్రాంకోస్కోపీలోనే చేస్తారు. చివర బెలూన్ ఉన్న సన్నని గొట్టాన్ని లోబ్ ముఖద్వారంలో ఉబ్బించి, లోపలికి గాలి వెళ్లకుండా మూసేస్తారు. బయటికి వచ్చే గాలిని మాత్రం మిషన్ కొలుస్తుంది. తెర మీద ఒక్కో ఊపిరికీ ఒక నారింజరంగు మెట్ట కనిపిస్తుంది. ఫిషర్ పూర్తిగా ఉంటే ఆ మెట్టలు ఊపిరి ఊపిరికీ చిన్నవవుతూ కొన్ని నిమిషాల్లో నేలమట్టమవుతాయి. తగ్గకుండా అలాగే వస్తుంటే పక్క దారి ఉన్నట్టే. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. కళ్లె అడ్డుపడో, బెలూన్ వెనక శ్వాసనాళం గోడలు ముడుచుకుపోయో మెట్టలు ఒక్కసారిగా మాయమవుతాయి. దాన్ని మంచి ఫలితంగా చదివేస్తే తప్పు. మెల్లగా తగ్గడానికీ ఒక్కసారిగా ఆగిపోవడానికీ తేడా చూసేవాళ్లకు తెలియాలి. అలాగే పేషెంటు దగ్గుతూ ఉంటే గీతలు చదవడానికి పనికిరావు, అందుకే మత్తు సరిగ్గా కుదరాలి.

ఇప్పుడు టీబీ. మీ నాన్నగారి విషయంలో నేను ఎక్కువగా ఆలోచించేది దీని గురించే. టీబీ నయమయ్యాక పై లోబ్‌లో మచ్చలు, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య అతుకులు మిగలవచ్చు. అతుకులుంటే లోబ్ ముడుచుకోబోయినప్పుడు అవి వెనక్కి లాగుతాయి. దాంతో లోబ్ పూర్తిగా ముడుచుకోకపోవచ్చు, లేదా అతుకు ఉన్నచోట చిరిగి గాలి కారవచ్చు. టీబీ తొలిచిన పాత గుహలో ఫంగస్ ఉండలా పెరిగి ఉండవచ్చు. చిన్న మచ్చ ఏదైనా కనిపిస్తే అది పాతదా, కొత్తగా వస్తున్న క్యాన్సరా అనేది ముందే తేలాలి. అందుకని శానిటోరియం నాటి ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు ఇంట్లో ఎక్కడున్నా వెతికి తీయండి. 1928 నుంచి ఛాతీ జబ్బులు చూస్తున్న ఆస్పత్రి అది. పాత ఫిల్ము ఒక్కటి దొరికినా కొత్త సీటీ పక్కన పెట్టి చూస్తే బయాప్సీ అవసరమే తప్పవచ్చు. ప్రొసీజర్‌కు ముందు కళ్లెకు సీబీనాట్ (టీబీ క్రిమి ఉందేమో చూసే పరీక్ష) కూడా చేయించండి.

కొన్ని ఉంటే ప్రస్తుతానికి వద్దనాల్సిందే: ఇంకా పొగ తాగుతూ ఉండటం (కనీసం నాలుగు నెలలు మానేసి ఉండాలి), శ్వాసనాళాలు సాగి పాడైపోయి రోజూ గిన్నెడు కళ్లె పడే బ్రాంకియెక్టాసిస్, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 50 దాటడం, ఎకోలో ఊపిరితిత్తుల రక్తపోటు 45 పైన ఉండటం, ఛాతీలో మూడోవంతు ఆక్రమించిన పెద్ద గాలిబుడగ, నికెల్, టైటానియం, సిలికాన్‌లలో దేనికైనా ఎలర్జీ. గుండెకు స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మందు వాడుతుంటే దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపకండి.

పరీక్షలన్నీ సరిపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలు పల్మనరీ రిహాబ్ చేయించమని నేను గట్టిగా చెబుతాను. ఇన్‌హేలర్ పట్టుకునే తీరు సరిచేసి, రోజూ నడిపించి, పెదవులు ముడిచి ఊపిరి వదలడం నేర్పితేనే కొందరు చాలా తేరుకుంటారు. కాళ్లలో బలమున్న మనిషికి వాల్వు ఇచ్చే చోటు నడకగా మారుతుంది. ఈలోపు ఫ్లూ, న్యూమోకాకల్ టీకాలు కూడా అయిపోతాయి.

ప్రొసీజర్ రోజు ఎలా ఉంటుందంటే, మత్తిచ్చి నోటి ద్వారా ట్యూబు వేసి దాని గుండా బ్రాంకోస్కోపును పంపుతారు. వాల్వును పంపే గొట్టం పట్టాలంటే స్కోపు లోపలి దారి 2.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ గొట్టం చివర ఉండే చిన్న రెక్కలను శ్వాసనాళం గోడలకు ఆనించి కొలిచి, 4.0 సైజా 5.5 సైజా అని నిర్ణయిస్తారు. శ్వాసనాళం కొమ్మ పొట్టిగా ఉన్నచోట అవే సైజుల్లో పొట్టి రకం వాడతారు. సాధారణంగా ఒక్కో మనిషికి మూడు నుంచి ఐదు వాల్వులు పడతాయి. ఎడమ పై లోబ్‌లో నాలుక ఆకారంలో ఉండే లింగ్యులా కొమ్మలతో సహా అన్ని దారులూ మూయాలి. ఒక్క కొమ్మ వదిలేసినా, ఒక్క వాల్వు పక్కకి ఒరిగి అంచున సందు మిగిలినా లోబ్ ముడుచుకోదు. "ఈసారికి రెండు పెట్టి చూద్దాం" అనే మాట వింటే ఎందుకని అడగండి.

ఇక మీరు రెండుసార్లు చదవాల్సిన భాగం. వాల్వుల తర్వాత అతి పెద్ద ప్రమాదం న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చిరిగి గాలి ఛాతీలోకి చేరడం. పై లోబ్ త్వరగా ముడుచుకుంటే కింది లోబ్ ఆ ఖాళీలోకి ఒక్కసారిగా సాగుతుంది. అదీ ఎంఫిసీమా ఉన్నదే కాబట్టి పైపొర చిరుగుతుంది. అంటే పని బాగా జరిగినవాళ్లలోనే ఇది ఎక్కువ. 2018లో వచ్చిన లిబరేట్ అధ్యయనంలో వాల్వులు పెట్టిన 128 మందిలో 26.6 శాతం మందికి 45 రోజుల్లోపు ఇది వచ్చింది, అందులో నాలుగింట మూడు వంతులు మొదటి మూడు రోజుల్లోనే. ఆ 128 మందిలో నలుగురు ఆ వ్యవధిలోనే చనిపోయారు. "కోత లేదు" అన్న మాట విని చిన్న పనే అనుకోవద్దని నేను ఇంతగా చెప్పడం అందుకే. అదే అధ్యయనంలో ఏడాది తర్వాత ఎఫ్‌ఈవీ1 కనీసం 15 శాతం మెరుగుపడినవాళ్లు వాల్వులు పెట్టినవారిలో 47.7 శాతం, పెట్టనివారిలో 16.8 శాతం. నడకలో రెండు గుంపుల మధ్య తేడా సగటున 39 మీటర్లు. మీ నాన్నగారి 190 మీటర్ల పక్కన ఆ 39ని పెట్టి చూడండి: ఇంట్లోంచి బాత్రూముకు ఆగకుండా వెళ్లగలగడం, స్నానం చేసి తల తుడుచుకోగలగడం. జబ్బు నయం కాదు, ఇన్‌హేలర్లు మానలేరు. ఆక్సిజన్ అవసరం తగ్గుతుందని కూడా ముందే ఎవరూ మాటివ్వలేరు.

మొదటి మూడు రోజులు రోజూ ఎక్స్‌రే తీయాలి. మంచం పక్కన చెస్ట్ ట్యూబు (ఛాతీలో చేరిన గాలిని బయటికి తీసే గొట్టం) వేయగల డాక్టరు రాత్రిపూట కూడా ఉంటారా అని చేరకముందే అడగండి. లేరంటే ఇంకో ఆస్పత్రి చూసుకోండి, ఇందులో మొహమాటం వద్దు. దగ్గు తగ్గించే మందు, మలబద్ధకం రాకుండా మందు అడగండి. ముక్కడం, బిందె ఎత్తడం, గట్టిగా దగ్గడం కొన్ని వారాలు వద్దు. ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, కూర్చున్నచోటే పెరిగిపోయే ఆయాసం, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో అంకె నాలుగైదు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నెబ్యులైజర్ పెట్టి చూద్దామని ఆగొద్దు. వెంటనే ఎక్స్‌రే తీయించండి. తిరువొత్తియూరు నుంచి ఆ ఆస్పత్రికి రద్దీలో ఎంతసేపు పడుతుందో ముందే చూసుకుని, రాత్రిపూట ఎక్స్‌రే, చెస్ట్ ట్యూబు వసతి ఉన్న దగ్గరి ఆస్పత్రి ఒకటి ఎంచుకుని పెట్టుకోండి. ఇంట్లో బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే మిషన్) వాడుతుంటే వాల్వుల తర్వాత దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోండి. విమానం ఎక్కించే ఆలోచన డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. న్యూమోథొరాక్స్ వచ్చినా చాలామందికి ట్యూబుతో సర్దుకుంటుంది. వారం దాటినా గాలి ఆగకపోతే ఒకటో రెండో వాల్వులు తీసేస్తారు. వాల్వును తీయగలగడం ఈ పద్ధతిలోని పెద్ద సుగుణం. పక్క దారి ఉన్నా పనిచేసే వేడి ఆవిరి చికిత్స ఒకటి ఉంది గానీ, అది కణజాలాన్ని మచ్చగా మార్చేస్తుంది, వెనక్కి తీసుకోలేరు.

నెలన్నర దగ్గర మళ్లీ సీటీ, శ్వాస పరీక్షలు చేయాలి. లోబ్ ముడుచుకోకపోతే ముందు వాల్వుల స్థానం చూడాలి: ఒకటి జరిగిందా, చుట్టూ సందు ఉందా. సరిచేసే బ్రాంకోస్కోపీ చేస్తే చాలామందికి ఫలితం తిరిగి వస్తుంది. కొన్ని నెలలు బాగుండి మళ్లీ ఆయాసం మొదలైతే వాల్వు చుట్టూ కండ పెరిగి ఉండవచ్చు. ఎప్పుడైనా దగ్గుతో వాల్వు బయటపడితే పారేయకుండా డబ్బాలో వేసి తీసుకెళ్లండి, ఏ కొమ్మది ఊడిందో తేల్చడానికి పనికొస్తుంది. కళ్లెలో కొద్దిగా నెత్తురు చారలు మొదట్లో కనిపించవచ్చు. జ్వరంతో పచ్చటి కళ్లె పడితే మాత్రం వాల్వు వెనక న్యూమోనియా కావచ్చు. వాల్వుల కార్డు నాన్నగారి జేబులో ఎప్పుడూ ఉండాలి, నాయుడుపేటలో చూసే డాక్టరుకు ఒక కాపీ ఇవ్వండి. ఎమ్మారై తీయాల్సి వస్తే ముందే ఆ కార్డు చూపించాలి.

తేదీ ఎంచుకునేటప్పుడు భోగి దగ్గర పెట్టుకోకండి. ఆ తెల్లవారుజామున చెన్నైలో టైర్లు, పాత సామాన్లు కాల్చే పొగ, మంచు కలిసి వీధుల్లో కమ్ముకుంటాయి. కొత్తగా వాల్వులు పెట్టిన మనిషి ఆ పొగకు దగ్గడం మొదలుపెడితే మొదటి వారం ప్రమాదమంతా ఒక్కసారే మీద పడుతుంది. సంక్రాంతి దాటాక అయితే ఈలోపు రిహాబ్ కూడా పూర్తవుతుంది.

ఖర్చు గురించి: వాల్వులకు ఒక్కోదానికి ఇంత అని లెక్క కడతారు కాబట్టి ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్ని వాల్వులు అనుకుంటున్నారు, చార్టిస్ గొట్టం విడిగానా, చార్టిస్‌లో పక్క దారి తేలి వాల్వులు పెట్టకుండా ఆపేస్తే ఎంత, చెస్ట్ ట్యూబు పడి పది రోజులు ఉండాల్సి వస్తే ఎంత, ఆరు నెలల్లో సరిచేసే బ్రాంకోస్కోపీకి ఎంత, ఈ ఐదూ అందులో ఉండాలి. ఇన్సూరెన్స్ ఉంటే ఇంప్లాంటుకు ముందస్తు అనుమతి అదే కాగితంతో అడగండి. మూడో అంకె మీద ప్రత్యేకంగా మాట్లాడుకోండి. ఇంత దూరం వచ్చాం, ఇంత ఖర్చయింది, ఎలాగూ మత్తిచ్చారు కదా పెట్టేయండి అని ఆ రోజు మీ నోటి నుంచి రాకూడదు. గాలి ఆగని లోబ్‌లో వాల్వులు పెడితే నాన్నగారికి ప్రమాదం మిగులుతుంది, ఊపిరి మాత్రం రాదు. అలాంటప్పుడు ఆపరేషన్ పద్ధతి గురించి, వయసూ గుండే సహకరిస్తే ఊపిరితిత్తుల మార్పిడి గురించి మాట్లాడవచ్చు. ఆ రెండూ చేసే కేంద్రాలు చెన్నైలోనే ఉన్నాయి.